కాజీపేట స్టేషన్లో నేను కడిగిన ముఖం

మొన్న మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు ఫొటోలు పెట్టారు. ఒకదాంట్లో రైల్వే స్టేషన్ దగ్గర మట్టికొట్టుకున్న పాప, రెండోదాంట్లో అదే పాప స్నానం చేసి, కొత్త గౌను వేసుకుని. కింద వరసగా దండాలు, చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే అలాంటి చప్పట్లు ఒకప్పుడు నేనూ కొట్టించుకున్నదాన్నే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకా పెళ్ళి కాకముందు, ఆదివారాలు మేం నలుగురం టీచర్లం అటుకులో అరటిపళ్ళో పట్టుకుని వెళ్ళి, కాజీపేట ప్లాట్‌ఫారం చివర దిక్కులేని పిల్లలకు అక్షరాలు నేర్పేవాళ్ళం. సేవ అంటే అప్పుడు ఎంత ఉత్సాహమో మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాళ్ళలో పదకొండేళ్ళ పిల్ల ఒకతి రైలు పెట్టెలు ఊడ్చి పొట్టపోసుకునేది. ఎవరిదో మగపిల్లాడి చొక్కా, అట్టలు కట్టిన జుట్టు, ముఖం నిండా మసి. అక్షరాలు మాత్రం అందరికంటే ముందు పట్టేసేది, అందుకే అదంటే నాకు ప్రాణం. ఒక ఆదివారం సబ్బు, నూనె, మా చెల్లెలి పాత గౌను తీసుకెళ్ళి, దాన్ని కొళాయి దగ్గరికి లాక్కుపోయాను. "వద్దు టీచరమ్మా, గిట్లనే మంచిగున్న" అని గింజుకుంది. పిల్లల బద్ధకం నాకు తెలియనిదా అనుకుని, ఒక్కటి వేసి మరీ తోమాను. రెండు జడలు వేసి, నా తలలోని మల్లెపూలు తీసి పెట్టేసరికి అదెంత చక్కని పిల్లో తెలిసింది. ప్లాట్‌ఫారం అంతా తిప్పి చూపించాను, చప్పట్లు కొట్టించాను, సాయంత్రం కాగానే దాన్ని అక్కడే వదిలి బస్సెక్కాను.

మరుసటి ఆదివారం పిల్ల లేదు. ఎవడో మూడు రోజులు వెంటపడి, బట్టలు కొనిస్తానని ఆశపెట్టి ఢిల్లీ బండెక్కించి తీసుకుపోయాడని అక్కడ చాయ్ అమ్మే అవ్వ చెప్పింది. "మసి పూసుకొని ఎవ్వని కండ్లల్ల పడకుంట బతికింది పోరి. నువ్వు కడిగి అందరికి సూపెట్టి పోయినవ్" అంది. పోలీసులకు చెప్పాం, నెలల తరబడి వచ్చే బండీ పోయే బండీ వెతికాం. దొరకలేదు. మంచికి పోతే చెడు ఎదురైందని మావాళ్ళు సరిపెట్టుకున్నారు. చెడు ఎదురైంది మాకు కాదు.

ఇప్పుడు స్టేషన్లలో ఇలాంటి పిల్లల కోసమే శిక్షణ పొందిన అమ్మాయిలు కూర్చుంటున్నారట, పిల్ల కనబడితే ముందు ఎవరంటే భయం, పడుకునేది ఎక్కడ అని అడుగుతారట. మంచిదే. మా కాలంలో మనసులు మెత్తనివని చెప్పుకుంటాం గానీ, ఆ ఒక్క మాట అడగాలని మాకు తట్టలేదు. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి, తృప్తిగా అన్నం తిని, తలుపు గడియ వేసుకుని పడుకున్నాను. అది పడుకున్న చోట తలుపే లేదు.