మధుపర్కం మూల

నా చిన్నప్పుడు నా బడి మా వంటింటి గుమ్మం దగ్గరే ఉండేది. ఆయాసం వల్ల మూడో తరగతి మధ్యలోనే నన్ను బడి మానిపించారు. ఆ తర్వాత అక్షరాలూ, ఎక్కాలూ, దేవుడి శ్లోకాలూ అన్నీ మా మామ్మ దగ్గరే. మామ్మ అంటే నాన్నకు తల్లి. నాన్న రైల్వే ఉద్యోగం మూలంగా విజయనగరం వదిలి రాయపూర్ వచ్చిన కుటుంబం మాది. మామ్మ బియ్యం ఏరుతూ నాచేత పాఠం అప్పజెప్పించుకునేది. ఆవిడ దగ్గర ఏం చదువుకున్నావని ఎవరైనా అడిగితే, నాకు ముందుగా గుర్తొచ్చేది మా అత్త పెళ్ళి.

అత్త నాన్నకు చెల్లెలు. శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో పనిచేసేది. తాతయ్య మంచాన పడ్డ ఏళ్ళన్నీ ఆయన పక్కనే గడిపింది. తన పెళ్ళి కుదిరేసరికి ముప్పై దాటాయి. ఏ పండక్కీ ఫలానాది కావాలని నోరు తెరవని మనిషి, ఆ ఎండాకాలం మాత్రం ఒక్కటి అడిగింది. తెలీబంధా దగ్గర తను చూసిన ఒక పెళ్ళిలో మంటపం పూలన్నీ పెళ్ళికూతురి చీర రంగులోనే ఉన్నాయట. తనకీ అలాగే కావాలంది. తను కొనుక్కున్న పట్టుచీర లేత వంగపండు రంగు, వెండి జరీ అంచు.

"పెళ్ళికి ఊదా పూలేటే? ఇంచక్కా బంతిపూలుండగా!" అని మామ్మ దెప్పింది.

"నీ పెళ్ళికి బంతిపూలే కట్టేరు కదమ్మా. నా పెళ్ళికి నాకు నచ్చినవి కట్టనీ" అంది అత్త. మామ్మ నవ్వి ఊరుకుంది.

పూల అలంకరణ చేసే భయ్యా, రంగు పేరు నోటితో చెబితే లాభం లేదన్నాడు. చీర ముక్క పంపిస్తే, దానికి సరిపోయే పూలు కలకత్తా నుంచి రైల్లో తెప్పిస్తానన్నాడు. అత్త ఆ చీరతోపాటు వచ్చిన జాకెట్టు గుడ్డని దర్జీకి ఇచ్చేముందు రెండు వేళ్ళ వెడల్పు ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టింది. "మీ నాన్న మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ షాపులో ఇస్తాడు. అందాకా నీ దగ్గర భద్రంగా ఉంచవే" అంది. ఎవరూ ఏ పనీ చెప్పని రోగిష్టి పిల్లకి అదెంత పెద్ద కొలువో చెప్పలేను.

ఆ ముక్కని వాచకంలో పెట్టాను. కాసేపటికే తీశాను. కూలర్ ముందు పట్టుకుంటే అది చిన్న జెండాలా రెపరెపలాడింది. ఇంకొంచెం దగ్గరగా పెట్టాను. అంతే, వేళ్ళలోంచి జారి, తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి ఎగిరిపోయింది. క్వార్టర్ల వెనక కాలువ దాకా వెతికాను, దొరకలేదు. జాకెట్టు గుడ్డ అప్పటికే దర్జీ దగ్గర ఉంది. పట్టుచీర బీరువాలో ఉంది, తాళం అత్త దగ్గర.

దేవుడి గదిలో పీట మీద మధుపర్కాలు ఉన్నాయి. ముహూర్తం వేళ వధూవరులు కట్టుకునే ఎర్రంచు తెల్ల నూలుబట్టలు. ఇదీ పెళ్ళిచీరే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొత్తబట్టకి, అందులోనూ మధుపర్కానికి, కత్తెర తగలకూడదని తెలిసి కూడా, కళ్ళు సగం మూసుకుని పెళ్ళికూతురి చీర మూల కత్తిరించాను. కాగితంలో మడిచి నాన్న చేతికిచ్చాను. "అరె, జల్దీ ఇవ్వమ్మా, లేటైపోతోంది" అంటూ ఆయన విప్పి చూడకుండానే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

పెళ్ళికి ముందురోజు మామ్మ ఆ బట్టల్ని పసుపునీళ్ళలో తడిపి ఆరేసింది. సాయంత్రం చూస్తే కిటికీ దగ్గర కూర్చుని, సూదీ దారంతో ఏదో కుడుతోంది. నన్నొకసారి చూసింది. ఏమిటని అడిగి ఉంటే ఏడ్చేసేదాన్ని.

తెల్లవారి హాలుకి వెళ్ళేసరికి మంటపం నిండా తెల్ల లిల్లీ దండలూ, వాటి అంచున ఎర్ర గులాబీలూ. ఊదా రంగు రేకు ఒక్కటంటే ఒక్కటి లేదు. గౌరీపూజకి వంగపండు పట్టుచీర కట్టుకుని వచ్చిన అత్త అక్కడే ఆగిపోయింది. నాన్న పూల భయ్యా మీద విరుచుకుపడ్డారు. పాపం, అతను జేబులోంచి కాగితం మడత తీసి అందరి ముందూ విప్పాడు.

"సాబ్, కపడా తో ఆప్‌నే హీ దియా థా!"

ఎర్రంచు తెల్లగుడ్డ. ఆ గుడ్డ మీరే ఇచ్చారంటున్నాడు. నాన్న ముఖం నావైపు తిరగబోతోంది. అప్పుడు నా తల మీద ఒక చెయ్యి పడింది. పసుపు వాసన.

"ఆ ముక్క నేనే పంపేను" అంది మామ్మ. "పీటల మీద కూర్చునేటప్పుడు నీ చెల్లి కట్టుకునేది మధుపర్కం కదరా. పట్టుచీర కాదు కదా. ఊదా పూలు దేనికి సరిపోతాయి? మీకెవరికీ ఆ మాట తట్టలేదేటి?"

నిజంగానే ఎవరికీ తట్టలేదు. అత్త పూలవైపూ తల్లివైపూ చూసి, కళ్ళు తుడుచుకుని గౌరీపూజకి వెళ్ళిపోయింది. ముహూర్తానికి పసుపు మెరుపున్న ఎర్రంచు చీరలో ఆ తెలుపూ ఎరుపుల మధ్య కూర్చుంటే, పందిరినీ ఆమెనూ ఒకే చెయ్యి నేసినట్టుంది. నాన్న భయ్యా భుజం తట్టి క్షమించమన్నారు. నేను మాత్రం అక్షింతలు కూడా సరిగ్గా వెయ్యలేకపోయాను.

ఇంటికొచ్చాక మామ్మ నన్ను దేవుడి గదిలోకి పిలిచి దీపం వెలిగించింది.

"నేను అబద్ధం ఆడేను. నువ్వు నిజం దాచేవు. రా, ఇద్దరం దణ్ణం పెట్టుకుందాం" అంది. పెట్టుకున్నాం. "దేవుడికి చెప్పడం అయ్యింది. ఇంక అత్తకి చెప్పాలి. మూడు నిద్దర్లకి వస్తాది కదా, అప్పుడు నీ నోటితోనే చెప్పు" అంది.

పెళ్ళయ్యాక భర్తతో పుట్టింట్లో మూడు రాత్రులు ఉండడానికి అత్త వచ్చింది. మొదటి రోజు చెప్పలేకపోయాను. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున్నే తను జడ వేసుకుంటుంటే వెనక నిలబడి అంతా చెప్పేశాను. అత్త దువ్వెన ఆపింది.

"తలంబ్రాలప్పుడు చీర మూల చేతికి తగిలింది. అమ్మ కుట్టు నాకు తెలీదేటే? మధుపర్కానికి కత్తెర పెట్టే మనిషేటే అమ్మ? ఊదా పూలుంటే బాగుండేవి. లేదనను. కానీ మా అమ్మ నాకు తెలిసి అబద్ధమాడింది అదొక్కసారే. అంత కష్టపడి ఆడితే, నేను తెలియనట్టు ఉండొద్దా మరి?" అంది. ఆ తర్వాత, "ఇంతకీ నా ముక్క ఏమయ్యిందే?" అని అడిగింది. కూలర్ సంగతి చెబితే, దువ్వెన వదిలేసి పడీపడీ నవ్వింది.

మామ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నా పిల్లలకి నేనిప్పుడు ఇంట్లోనే అక్షరాలు దిద్దిస్తున్నాను. కొత్తబట్ట ఏది చేతికొచ్చినా ముందు దాని మూల తడుముతాను. పిల్లలు ఏదో పాడుచేసి పదిమందిలో బిక్కముఖంతో నిలబడ్డప్పుడు, నాకు తెలియకుండానే నా చెయ్యి వాళ్ళ తల మీదకి వెళ్తుంది. అడగవలసింది ఇంటికొచ్చాక దీపం దగ్గర అడుగుతాను. అంతవరకూ ఆ చెయ్యి తీయను. అలాంటి చెయ్యి ఒకటి నా తల మీద పడనిచ్చినందుకు రోజూ సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.