పళ్ళతో విన్న మోత

మా బావను అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగమేమిటో చెప్పేవాడు. పాత ట్రాక్టర్లకు బ్యాటరీని ఛార్జి చేసే డైనమో ఊడదీసి, దాని బదులు కొత్తరకం ఆల్టర్నేటర్ బిగించడంలో ఆయన్ను మించినవాడు లేడు. నిరుడు జ్వరమొచ్చి ఆ చెవులే పోయాయి. షెడ్డు మూసేద్దామని కూతురు కాగితం మీద రాసి చూపిస్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి ఆమె ఒక్క బండికి ఒప్పుకుంది. అది కుదిరితే సరే, లేకపోతే తాళమే.

ఆ బండి నాదే. బ్యాటరీకి ఛార్జి ఎక్కక, రోజూ పొద్దున్నే నలుగురిని బతిమాలి తోయించుకోలేక చస్తున్నాను.

బావ డైనమో తీసి, ఇనప పట్టీ కోసి, ఆల్టర్నేటర్ బిగించాడు. బ్యాటరీ కలపబోయే ముందు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను ఆగితేగా! పాత బళ్ళకు ప్లస్ వైరు బాడీకి కలుపుతాం. పాతికేళ్ళ అలవాటు కొద్దీ అలాగే కలిపాను. టప్‌మని నిప్పురవ్వ! ఆల్టర్నేటర్‌కు మైనస్సే బాడీకి పోవాలని అప్పుడు గుర్తొచ్చింది. గబగబా మార్చేసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

ట్రాక్టరు ఒక్క తిప్పుకే లేచింది. తాళంతో వచ్చిన మేనకోడలి ముఖం విప్పారింది. బావ మాత్రం స్క్రూడ్రైవర్ ఆల్టర్నేటర్‌కు ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టి కళ్ళు మూసుకున్నాడు. ఇదేం చోద్యం అనుకున్నాను.

"ఆపండి. సన్నగా ఏడుస్తోంది, పళ్ళకు తెలుస్తోంది. లోపల ఒక డయోడు పోయింది."

చెవులున్న మా ఇద్దరికీ ఏమీ తెలియలేదు. "కొత్తది ఎందుకు పోతుంది నాన్నా? నువ్వే ఏదో పొరపాటు చేసుంటావు" అంది మేనకోడలు. ఆయన ఆమె పెదాలు చూసి తల దించుకున్నాడు. ఇక నేను వాళ్ళ మధ్యకు వెళ్ళాను.

"నాన్నను అనకు తల్లీ! బ్యాటరీ తిరగేసింది నేను. బుద్ధి గడ్డి తిని చెప్పలేదు."

బావ ఆల్టర్నేటర్ విప్పాడు. కరెంటును ఒకవైపే పోనిచ్చే ఆరు డయోడ్లలో సరిగ్గా ఒకటి మాడిపోయింది. నా వాలకం చూసి సంగతి గ్రహించి, "నా మొదటి బండికి నేనూ ఇదే చేశాన్రా" అని నవ్వి, కొత్త డయోడు వేశాడు.

ఇంజిన్ మళ్ళీ నడిచింది. మేనకోడలు స్క్రూడ్రైవర్ పిడి తుడిచి తనూ పళ్ళతో పట్టింది. కళ్ళు ఇంతింత చేసుకుంది.

"మామయ్యా! లోపలిదంతా వినబడుతోంది!"

ఆ మాట ఆయనకు వినబడలేదు. ఆమె షెడ్డు తాళం చెవి తీసి ఆయన చొక్కా జేబులో వేసింది.