వెనక్కి చూడని శనివారాలు

నా కూతుర్ని చూసుకోవడానికి కోర్టు నాకిచ్చింది వారానికి రెండు గంటలు. శనివారం, రాజమహేంద్రవరం కోర్టు వెనక గదిలో, కౌన్సెలర్ మేడమ్ కళ్ల ముందు. ఉప్పాడలో మా ఇల్లు సముద్రంలో కలిసిపోయి అదే ఊళ్లో అక్క ఇంట్లో ఉంటున్నానని, పాపను తండ్రి దగ్గర ఉంచారు. నా చేతికిస్తే తిరిగి పంపనని ఆయన వాదన. ఏడేళ్ల పిల్లను కన్నతల్లి ఎత్తుకుపోతుందని కాపలా! ఆ గదిలో కూర్చున్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది.

ఆరు నెలలయ్యాక, పాపను నాతో ఇంటికి పంపమని పిటిషన్ వేశాం. దానికోసం మేడమ్ ఇచ్చిన రిపోర్టును మా లాయరు గారు చదివి వినిపించారు. అన్నం కలిపి పెడుతుంది, జడ వేస్తుంది, అంతా బాగానే రాశారు. చివర్లో ఒక మాట: "వెళ్లేటప్పుడు తల్లి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు. బిడ్డపై మమకారం తక్కువగా కనిపిస్తోంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాది సముద్రంలో చేపల వేటకెళ్లే ఇల్లు. నాన్న పడవ దగ్గరికి బయల్దేరితే వెనక్కి చూసేవాడు కాదు, మేం పిలిచేవాళ్లం కాదు. తిరిగి చూస్తే అదే చివరి చూపు అవుతుందని మా భయం. మళ్లీ రావాలనుకున్న మనిషి తిన్నగా నడిచి వెళ్లిపోవాలి. పాపకు ఊహ తెలిసినప్పుడే ఇది చెప్పాను.

"వచ్చే శనివారం ఒక్కసారి తిరిగి చెయ్యి ఊపండమ్మా, మేడమ్ రాసుకుంటారు. మీ సొమ్మేం పోయింది?" అన్నారు లాయరు గారు.

"ఊపనండి. ఆవిడ కాగితం కోసం నా పిల్లని చివరి చూపు చూడమంటారేంటి?" అన్నాను.

ఆయన తల పట్టుకున్నారు. కేసు పోతుందన్నారు. భయం నాకూ వేసింది. అయినా ఆ శనివారం కూడా గేటు దాకా తిన్నగానే నడిచాను. మెడ పట్టేసినట్టయింది గానీ తిప్పలేదు.

వాయిదా రోజున జడ్జి గారు మా అందరి ముందే పాపను దగ్గరికి పిలిచారు. "అమ్మ వెళ్తూ నీవైపు చూడదట కదా, నీకు కోపం రాదా?" అని అడిగారు.

పాప ఆయన్ని వింతగా చూసింది. "చూస్తే మళ్లీ రాదు కదండీ," అంది.

జడ్జి గారు ఆ మాట రాసుకున్నారు. ఆ తర్వాత ఆర్డరు ఇచ్చారు: నెలకు రెండు ఆదివారాలు, పొద్దుటి నుంచి సాయంత్రం ఆరు దాకా, ఉప్పాడలో మా దగ్గరే, కాపలా ఎవరూ లేకుండా.

మొదటి ఆదివారం ఆరుకు పది నిమిషాల ముందే పాపను వాళ్ల నాన్న ఇంటి గేటు దగ్గర దించాను. తిరిగి పంపదన్న పెద్దమనిషికి ఫోన్లో టైము కూడా చూపించాను. పాప నా చెయ్యి వదిలి లోపలికి నడిచింది. ఇన్నాళ్లూ నా వీపు తను చూసింది, ఆ రోజు తన వీపు నేను చూశాను. ఇంతే ఉంది, దాని మీద నేను వేసిన జడ. పిలవాలని గొంతు దాకా వచ్చింది, మింగేశాను.

గుమ్మం దాటేదాకా నా కూతురు వెనక్కి చూడలేదు.