మా మూడో బిడ్డకు రెండు పేర్లు

కొనకనమిట్ల వైపు ఒక మెట్ట గ్రామానికి నేను పదిహేడేళ్ళు మునసబుగా పనిచేశాను. శిస్తు వసూలుతో పాటు ఊళ్ళో జరిగిన ప్రతి జననాన్నీ, ప్రతి మరణాన్నీ రిజిస్టరులో నమోదు చేసి, నెల తిరగ్గానే మార్కాపురం తాలూకా కచేరీకి నకలు పంపడం నా విధి. రిజిస్టరులో ఒకటి, జనం నోట ఒకటి ఉంటే నేను సహించేవాణ్ణి కాదు.

మాకు మొదట పుట్టిన మగబిడ్డలిద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. పెద్దవాడు తొంభై నాలుగు రోజులు, రెండోవాడు రెండు వందల ఆరు రోజులు బతికారు. ఇద్దరికీ మా వంశంలోని పెద్దల పేర్లే పెట్టాము. మూడోసారి నెల తప్పినప్పుడు నా భార్య దర్గాకు వెళ్ళి మొక్కుకున్నది. బిడ్డలు నిలవని హిందువుల ఇళ్ళలో మా ప్రాంతాన ఎప్పటినుంచో ఉన్న ఆచారమే అది. పుట్టబోయే బిడ్డకు ఆ దర్గా పీరు పేరు పెడతామని, ఏడాది నిండాక దర్గాలోనే పుట్టువెంట్రుకలు తీయిస్తామని, అంతవరకు బిడ్డను మరే పేరుతోనూ పిలవబోమని మొక్కుకుంటారు. ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఎరిగిన మృత్యువు ఆ పరాయి పేరు విని, ఇది వేరేవాళ్ళ బిడ్డ అనుకొని వెళ్ళిపోతుందని నమ్మకం.

ఆడబిడ్డ పుట్టింది. అప్పటికి రెండేళ్ళుగా నేను బెంగాలీ నవలల అనువాదాలు తెప్పించుకొని చదువుతున్నాను. వాటిలోని ఆడపిల్లల పేర్లు నన్ను పట్టుకున్నాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళకు ఉండేవి గ్రామదేవతల పేర్లో, నాయనమ్మల పేర్లో. ఆ బెంగాలీ పేర్లు మెత్తగా పలికేవి. వాటి వెనుక ఒక నది, చదువుకున్న ఆడపిల్లలు, ఎడతెగని వాన ఉండేవి. రాళ్ళ చేలలో ఏడాదికి నాలుగు వానలు చూసేవాడికి ఆ ఆకర్షణ చిన్నది కాదు. ఒక పేరు ఎంచుకొని ఇంట్లో చెప్పాను. ఆ పేరు గానీ, పీరు పేరు గానీ ఇక్కడ రాయను.

"ఏంది నాయనా ఆ పేరు? మన నోళ్ళు తిరగవు," అన్నది మా అమ్మ.

"అలవాటైతే తిరుగుతాయిలేమ్మా. నవలలో ఎంత బాగుంటుందో."

"నవలలో పిల్లలకు విరేచనాలు పట్టవు. మన పిల్లలకు పట్టినాయి. రోజులతో సహా నువ్వే రాసుకున్నావు గదా."

నా భార్య మంచం మీద నుంచి అన్నది: "మొక్కుకున్నాను. ఒక్క ఏడాది పోనీండి. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్ల పిలుచుకోండి."

సరేనన్నాను.

పదకొండో రోజున దర్గాలో సేవచేసే ముజావరు, పీరు పేరుకు చివర 'అమ్మ' చేర్చి బిడ్డ చెవిలో చెప్పాడు. "మునసబు గారూ, మీ ఊరి పిల్లకాయల్లో సగం మా పీరోళ్ళే. ఇంక శిస్తు కూడా మాకే కట్టమనండి," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ నెలాఖరున రిజిస్టరులో బెంగాలీ పేరు రాశాను. పీరు పేరు ఏడాది కోసం కప్పిన ముసుగు, కచేరీకి వెళ్ళే పేరు శాశ్వతం, తర్వాత కొట్టివేతలెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. రాసిన తర్వాత పలకకుండా ఉండలేకపోయాను. నా భార్య మేకల దొడ్డికి వెళ్ళినప్పుడు బిడ్డను ఒళ్ళో పెట్టుకొని ఆ పేరుతో పిలిచేవాణ్ణి. అయిదో నెలలో ఆ పిలుపుకు తల తిప్పింది. ఆ తేదీ డైరీలో ఉంది. సంతోషంగానే రాసుకున్నాను.

తొమ్మిదో నెలలో జ్వరం తగిలింది. రెండు రోజులకూ దిగకపోతే బండి కట్టించి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాము. చీటీ రాసే కాంపౌండరు పేరు అడిగాడు. నా భార్య పీరు పేరు చెప్పింది.

"రిజిస్టరు ప్రకారం అది కాదు," అన్నాను.

ప్రభుత్వ కాగితాలు రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలన్న అలవాటే నా నోట పలికింది.

"ఏదో ఒకటి చెప్పండి సార్, వెనక జనం ఉండారు," అన్నాడు కాంపౌండరు.

రిజిస్టరులో రాసిన పేరే చెప్పాను. తల్లి భుజం మీద సొమ్మసిల్లి ఉన్న బిడ్డ ఆ పేరు విని కళ్ళు తెరిచి, నా వైపు తల తిప్పింది. నా భార్య అది చూసింది.

"ఎన్నాళ్ళుగా పిలుస్తా ఉండారు?"

"ఏడు నెలలుగా."

ఆమె కొంగుతో బిడ్డ చెవులు రెండూ కప్పింది.

ఆసుపత్రికి వచ్చిన మూడో రోజున బిడ్డ పోయింది. రెండు వందల డెబ్భై ఒక్క రోజులు బతికింది.

నా భార్య నన్ను ఒక్క మాట కూడా నిందించలేదు. నిందిస్తే జవాబు చెప్పుకునేవాణ్ణి. ఆ అవకాశం లేక నేను పాత రిజిస్టర్లన్నీ ముందు వేసుకొని కూర్చున్నాను. పీరు పేర్లు పెట్టిన బిడ్డలను ఒక వరుసలో, ఇంటి పేర్లు పెట్టిన వారిని మరో వరుసలో వేసి, ఏడాది లోపల పోయినవారెందరో లెక్క తీశాను. నాలుగు రోజులు పట్టింది. రెండు వరుసలకూ తేడా లేదు. పేరుకూ చావుకూ సంబంధం లేదని అంకెల్లో తేలింది.

కాగితం తీసుకొని వెళ్ళాను. ఆమె వసారాలో కొర్రలు చెరుగుతున్నది. చదివి వినిపించాను. చేట ఆపి చివరిదాకా విన్నది.

"మన బిడ్డను ఏ వరుసలో వేసినారు?"

కాగితం చూసుకున్నాను. రెండింటిలోనూ లేదు.

"ఎందులో వేయాలో తెలియలేదు," అన్నాను.

"వేసి చూడండి. తేలినాక చెప్పండి," అని చేట ఎత్తుకున్నది.

ఒక్క బిడ్డను ఎటు వేసినా నిష్పత్తి మారదు. అది వేయకముందే నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు గడిచాయి. అటో ఇటో వేసి ఆమెకు చూపించడం నా వల్ల కాలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు.