లిఫ్టు మీద ఫిర్యాదు

రిటైరైన ఆరు నెలలకు నన్ను భవానీపురంలో మా పేట మానవ హక్కుల కమిటీకి కార్యదర్శిని చేశారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి చేతిరాత బాగుంటుందన్నారు. మానవ హక్కుల గురించి నాకేం తెలుసని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కమిటీలో అయిదుగురం. ఆదివారం పదకొండు గంటలకు ఒక ట్యూషన్ సెంటర్లో కలిసేవాళ్లం. అక్కడి బల్లలు మూడో తరగతి పిల్లల కొలతకు చేయించినవి. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా సమానత్వం గురించి చర్చించేవాళ్లం. అధ్యక్షురాలు నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. చర్చి నుంచి నేరుగా వచ్చేవారు. అందరం సిస్టర్ గారనే పిలిచేవాళ్లం. మొదటి ఏడాది ఒక బ్యానరు వేయించాం. అందులో అచ్చుతప్పు పడితే మళ్లీ వేయించాం.

రెండో ఏడాది వేసవిలో మొదటి ఫిర్యాదు వచ్చింది. సిస్టర్ గారు పైకి చదివారు. ఒక అపార్ట్‌మెంటులో అయిదో అంతస్తులో రెండిళ్లలో పనిచేసే ఆమె రాసింది. పనివాళ్లను లిఫ్టు ఎక్కనివ్వడం లేదు. తనకు మోకాళ్లు అరిగాయి, డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. కింద అపార్ట్‌మెంటు పేరుంది. అది మాదే. నేనుండేది మూడో అంతస్తు.

"లిఫ్టు పక్కన బోర్డు కూడా పెట్టారంట. అదెవరు రాశారో కనుక్కోవాలి" అన్నారు సిస్టర్ గారు.

"కనుక్కోనక్కర్లేదండీ. నేనే రాశాను" అన్నాను.

నాలుగేళ్ల కింద అసోసియేషన్ సెక్రటరీ అడిగితే రాసిచ్చాను. 'వాడరాదు' అనాలా, 'ఉపయోగించరాదు' అనాలా అని మాత్రం చాలాసేపు ఆలోచించినట్టు గుర్తు.

ఈ విషయంలో మాస్టారు తప్పుకుంటే బాగుంటుందని కమిటీలోని లాయరు అన్నాడు. సిస్టర్ గారు ఒప్పుకోలేదు. "మాస్టారే వెళ్లి విచారించాలి. దారి తెలుసు కదా."

మర్నాడు పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆమె వచ్చింది. నాలుగేళ్లుగా చూస్తున్న మనిషే. ఎదురుపడితే గోడకు ఒదిగి దారిచ్చేది. నేను తలూపేవాణ్ణి. అంతకుమించి మాట్లాడింది లేదు. ఆమె వెనకే ఎక్కడం మొదలుపెట్టాను.

"మీరెందుకండీ ఎక్కుతున్నారు? లిఫ్టుంది కదండీ."

"కమిటీకి నువ్వు కాగితం రాశావుగా. దాని మీద విచారణకొచ్చాను."

"నాకు రాయడం రాదండి. నేను చెప్తే మా అమ్మాయి రాసింది."

"రోజుకెన్నిసార్లు ఎక్కుతావమ్మా?"

"పొద్దున రెండుసార్లు, సాయంత్రం ఒకసారండి. అమ్మగారు కొత్తిమీర మర్చిపోతే ఇంకోసారి."

నాలుగో అంతస్తు చేరేసరికి నాకు ఆయాసం వచ్చింది. "నేను రోజూ ఇక్కడ కాసేపు ఆగుతానండి. మీరూ ఆగండి" అంది. ఇద్దరం ఆగాం.

"ఆ బోర్డు ఎవరు రాశారో తెలుసా?" అని అడిగాను.

"మీరేనండి. మీ గుమ్మం ముందు కూర్చుని రాస్తుంటే నేను పక్కనుంచే వెళ్లాను."

"మరి నేనున్న కమిటీకే ఇచ్చావే?"

"మీరున్నారని తెలీదండి. తెలిస్తే ఇచ్చేదాన్ని కాదు."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అందుకేనేమో మిగిలిన అంతస్తు ఎక్కడం కష్టమైంది.

ఆ వారమే సెల్లారులో అసోసియేషన్ మీటింగు పెట్టించాను. పనివాళ్లు ఎక్కితే లిఫ్టు పాడైపోద్దని సెక్రటరీ అన్నాడు. రెండో అంతస్తు వాళ్ల కుక్క రోజూ లిఫ్టులోనే తిరుగుతోంది కదా అన్నాను. "అది ఓనర్లది కదండీ మాస్టారూ" అన్నాడు. మనిషి గౌరవం గురించి నేను అరగంట మాట్లాడాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒకాయన కునుకు తీశాడు.

అప్పుడు అయిదో అంతస్తు ఆవిడ లేచింది. "మెట్లెక్కలేక మా పనామె ఒకటో తారీఖు నుంచి మానేస్తానంటోంది. ఇంకో మనిషిని మీరు చూసిపెడతారా సెక్రటరీ గారూ?"

అయిదు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. నా అరగంట ఉపన్యాసానికి కదలనివాళ్లు అంట్లగిన్నెలకు కదిలారు. 'లిఫ్టు అందరూ వాడవచ్చు' అని కొత్త బోర్డు రాసివ్వమని సెక్రటరీ అడిగాడు. రాయనన్నాను. ఇంట్లోంచి స్క్రూడ్రైవరు తెచ్చి పాత బోర్డు నేనే ఊడదీశాను.

ఆ తర్వాత ఫిర్యాదు చేసిన ఆమె లిఫ్టులో కలిసినప్పుడు మొదట్లో ఇద్దరం నంబర్ల వంకే చూస్తూ నిలబడేవాళ్లం. మూడో అంతస్తు అంత దూరమని నాకు అప్పుడే తెలిసింది.

ఆమెను కమిటీలోకి తీసుకుందామని సిస్టర్ గారు ప్రతిపాదించారు. నేను వెళ్లి అడిగాను. "ఆదివారం పదకొండింటికి నాకు పనుంటదండి" అంది. రెండేళ్లుగా ఆ టైము ఎవరికి కుదురుతుందో మాకు తట్టనే లేదు. మీటింగు సాయంత్రం నాలుగింటికి మార్చాం.

మొదటిసారి వచ్చి, ఆ చిన్న బల్ల మీద కూర్చుని, అంతా విని వెళ్లింది. రెండోసారి చెయ్యెత్తి, సెల్లారులో బాత్రూంకు తాళం ఎందుకేస్తారని, వాచ్‌మన్ భార్య రోడ్డు దాటి ఎక్కడికి వెళ్లాలని అడిగింది. ఆ సెల్లారు కూడా మా అపార్ట్‌మెంటుదే. మినిట్సులో రాసుకున్నాను. మర్నాడు సెక్రటరీని అడిగాను. ఈసారి మీటింగు అక్కర్లేకపోయింది. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.