కొంగు పడని చీర

దయ్యాలను నేను నమ్మను. కోరుట్లలో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే కాబట్టి వాటి బండారం నాకు తెలుసు. బస్టాండు వెనక నాకు టైలరింగ్ షాపు ఉంది. చెప్పిన రోజుకు బట్టలు కుట్టనప్పుడు గిరాకీ కోపం చల్లారేదాకా ఏదో ఒక కథ చెప్పాలి కదా! రాయికల్ రోడ్డు మీద లిఫ్టు అడిగే పెళ్లికూతురు అలా పుట్టిందే. మొన్న ఒకాయన ఆమెను కళ్లారా చూశానని నాకే చెప్పి వెళ్లాడు.

అందుకే ఇది చెప్పడం నాకు ఇబ్బందిగా ఉంది. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. అది వచ్చినప్పుడు చెప్తాను. మిగిలినదంతా జరిగింది.

మా నాయనమ్మను అందరం అవ్వ అనేవాళ్లం. బీర్పూర్ దగ్గర పల్లెలో పుట్టింది. తాత కల్లు గీసేవాడు. పెళ్లయి కోరుట్లకు వచ్చిన కొత్తలో అవ్వకు విడవని జ్వరం పట్టుకుంటే ఎవరో చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయించారు. జ్వరం తగ్గింది. అవ్వ మాత్రం చర్చి వదల్లేదు. ఇంటిల్లిపాదినీ అటే లాగింది. తాత ఒక్కడే చివరిదాకా దొరకలేదు.

తాత పోయాక బీడీలు చుట్టి మా నాన్ననూ మేనత్తనూ పెంచింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. వేళ్లు బీడీ చుడుతుంటే నోరు పాట పాడేది. పక్కింటి నజ్మా చాచీ ఎదురుగా కూర్చుని తనూ బీడీలు చుడుతూ ఆ పాటలకు తలూపేది. ఆ తంబాకు వల్ల అవ్వకు ఒక పొడి దగ్గు పట్టుకుంది. వీధి మలుపులో ఉండగానే ఆ దగ్గు విని అవ్వ వస్తోందని చెప్పేవాళ్లం.

చదువు రాదు. అయినా చంకలో బైబిలు లేకుండా ఏ ఆదివారమూ గడప దాటలేదు. పాస్టరయ్య ఏ పేజీ తీయమంటే పక్కవాళ్లతో ఆ పేజీ తీయించుకుని, గుర్తుకు ఒక తునికాకు ముక్క పెట్టేది. చివరికి ఆ బైబిలు తెరిస్తే గుప్పున బీడీ వాసన కొట్టేది.

ఆరాధన చివర్లో సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి సంఘం ముందు చెప్పాలి. అవ్వ లేవని వారం లేదు. మోకాలి నొప్పి తగ్గినా మేలే, బీడీ కంపెనీవాళ్లు మంచి ఆకు ఇచ్చినా మేలే. ఏమీ దొరక్కపోతే నన్ను వాడుకునేది.

"మా దాన్యేలు గీ వారం అబద్ధాలు తక్వ ఆడిండు. దేవునికి స్తోత్రం!"

చర్చి మొత్తం నవ్వేది. ఆ దాన్యేలును నేనే.

మా అమ్మ పోయిన రోజు నేను బడిలో ఉన్నాను. ఏడుస్తానని నాకు ఎవరూ చెప్పలేదు. పుట్టింటికి పోయిందన్నారు. నేను నమ్మి, గుమ్మంలో కూర్చుని ఎదురుచూశాను. నిజం తెలిశాక అవ్వ కొంగు పట్టుకుని, నువ్వు కూడా అట్లా పోతావా అని అడిగాను. ఒట్టు పెట్టమన్నాను.

"ఒట్లు వెట్టద్దు కొడుకా, పాపం. నా మాట సాలదా? నీకు జెప్పకుంట యాడికీ పోను."

మాట నిలబెట్టుకుంది. సిరిసిల్లలో బిడ్డ ఇంటికి పోయినా, ఉప్పు ప్యాకెట్టుకు పోయినా, ముందు షాపు మెట్ల దగ్గర ఆగి, "పోయొస్త కొడుకా" అనేది. ఆ మాట మీద నాకు ఎంత భరోసా అంటే, దేవుడి మీద కూడా అంత ఉండేది కాదు.

పోయిన వానాకాలం ఊపిరి అందక జగిత్యాల దవాఖానలో పడింది. శనివారం డాక్టరు పెదవి విరిచాడు. సిరిసిల్లకు ఫోన్ చేసి, సీరియస్‌గా ఉంది రమ్మని మేనత్తకు చెప్పాను. అత్తావాళ్లకు అక్కడ సాంచెలున్నాయి, కరెంటు మగ్గాలు. అత్తకు నవ్వూ రాదు, అబద్ధమూ రాదు. చిన్నప్పటి నుంచి నా కథల్లో ఒక్కటీ నమ్మని మనిషి ఆమె.

ఆదివారం పొద్దున గదిలో నేనూ అవ్వే ఉన్నాం. ఆమె కళ్లు తెరవడం లేదు. బైబిలు దిండు కింద ఉంది. ప్రార్థన చేయడం నాకు సరిగా రాదు. వచ్చింది ఒకటే విద్య. చేయి పట్టుకుని, చెవి దగ్గర వంగి కథ మొదలుపెట్టాను.

"అవ్వా, అత్త సాంచె కరెంటు లేకున్నా నడుస్తుందట. నీకు తెల్ల చీర నేస్తుందట. గుడ్డ అస్తనే ఉన్నదిగని కొంగు వడ్తలేదు. కొంగు వడ్డంక కట్టుకొని పోదువు. గప్పటిదాంక ఆగవే."

నేను కల్పించింది ఇదొక్కటే. నా చేతిలో ఆమె వేళ్లు బీడీ చుడుతున్నట్టు మెల్లగా కదిలాయి.

అంతలో ఫోన్ మోగింది. అత్త.

"దాన్యేలూ, నీకు సిగ్గున్నదారా?"

"ఏమైందత్తా?"

"అమ్మకు సీరియస్ అని నన్ను ఉరికిస్తివి. ఈడ చర్చిల మంచిగ కూసున్నది! నీ కథలకు మా అమ్మ పాణమే దొరికిందారా?"

అత్త వేములవాడ మీదుగా కోరుట్లలో దిగిందట. అవ్వ బట్టలు తీసుకుని జగిత్యాల వద్దామని వస్తూ, పాటలు వినిపిస్తే ప్రార్థన చేయించడానికి చర్చిలోకి పోయిందట.

"అత్తా, అవ్వ నా ముందట ఉన్నది. చెయ్యి నా చేతిల ఉన్నది."

"నా ముందట గూడ ఉన్నది. లేసి సాక్ష్యం జెప్పవట్టె. ఇగో, నీ ముచ్చటనే. మా దాన్యేలు నాకు చీర నేపిస్తుండట, కొంగు వడేదాంక ఆగుమంటుండు అంటున్నది. నా సాంచె మీద చీరేందిరా? మేం లంగాల గుడ్డ తప్ప ఏం నేస్తం?"

మంచం మీద అవ్వ పెదాలు చూశాను, కదలడం లేదు.

"ఇంకేమంటుంది?" అన్నాను.

"ఆగలేను, కొంగు లేకున్నా కప్పుకుంట అంటున్నది. అందరికి వందనాలు జెప్తున్నది."

"నాకేమన్నా చెప్పిందా?"

"నువ్వే అడుగు. ఫోన్ ఇస్తున్న."

గరగరమని మాట తెగిపోసాగింది. ఆ గదిలో సిగ్నల్ కిటికీ దగ్గరే బాగా అందుతుంది. అవ్వ చేయి వదిలి కిటికీ దగ్గరికి పోయాను. ఫోన్‌లో పాట వినిపిస్తోంది. ఎవరో చెవికి ఆనించుకున్నట్టు ఒక్కసారిగా పాట తగ్గింది. ఆ తర్వాత పొడి దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు.

"అవ్వా," అన్నాను. "పోయొస్త అను. ఒక్కసారి అనవే."

ఊపిరి వినిపించింది. మాట లేదు. మళ్లీ అత్త గొంతు.

"మాట్లాడినవా? నవ్వి, ఫోన్ నా చేతుల వెట్టి బయటికి పోతున్నది. నీళ్లకేమో."

వెనక్కి తిరిగి చూశాను. మంచం మీద వేళ్లు ఆగిపోయి ఉన్నాయి.

ఆ తర్వాత నేను విచారించని మనిషి లేడు. పాస్టరమ్మ తనే కుర్చీ వేశానంది. డిశ్చార్జి అయి వచ్చిందనుకున్నామని అందరూ అన్నారు. బైబిలు ఎప్పట్లాగే చంకలో ఉందన్నారు. ఆ బైబిలు దవాఖానలో దిండు కింది నుంచి నేను నా చేతులతో తీశాను. ఇంటికి నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. ఆ కుర్చీ కింద జంపఖానా మీద తునికాకు ముక్క ఒకటి దొరికింది. కోరుట్లలో తునికాకు దొరకని చోటు లేదు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

నా కథలన్నిటికీ బదులుగా అందరూ కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. అత్త మీద అరిచాను. అత్త ఏడ్చింది. కూడబలుక్కోవాలన్నా, చీర ముచ్చట ఆమెకు ఎవరు చెప్పారు?

సమాధి రోజు అత్త తన సాంచె మీది తెల్లగుడ్డ తెప్పించి కప్పింది. కత్తిరించిన అంచు, కొంగు లేదు.

"ఆఖరుకు గూడ నీ గురించే జెప్పిందిగదరా," అని అత్త నన్ను ఇప్పటికీ ఓదారుస్తుంది. నా గురించి చెప్పింది. నాకు చెప్పలేదు. ఊరందరికీ వందనాలు దక్కాయి. చేయి పట్టుకుని కూర్చున్నవాణ్ణి ఫోన్ చూపించి కిటికీ దగ్గరికి పంపి, నా వెనక నుంచి పోయింది. గిరాకీని కథలో పెట్టి, కుట్టని బట్టను బల్ల కిందికి తోసేవాణ్ణి నేను. ఆ పని నా మీదే చేస్తుందని, అదీ అవ్వ చేస్తుందని అనుకోలేదు.

ఎట్లా జరిగిందో నాకు తెలియదు. షాపులో ఈ సంగతి చెప్తే, దాన్యేలు కొత్త కథ బాగుందని నవ్వి పోతారు. నేనూ నవ్వుతాను. కానీ ఇప్పటికీ ఫోన్‌లో అవతల ఎవరైనా దగ్గితే వెంటనే మాట్లాడను. ఆ ఒక్క మాట వస్తుందేమోనని కాసేపు ఆగుతాను.