సీసం ముక్క

ఏ పని చేసినా మా బావ చెంప బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. అలా వంగడం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. నిర్మల్‌లో బొమ్మలు చేసే మా ఇంటికి అక్క మొగుడిగా వచ్చి, కొడుకునైన నా మీద ఉండాల్సిన బాపు చూపంతా తనవైపే తిప్పుకున్నాడు.

హైదరాబాదు స్టేటు రోజులవి. ఎవరిదో కీ ఇస్తే నడిచే రైలింజను బొమ్మ పాడైతే, బావ రేకు డొప్ప పారేసి, చక్రాలూ స్ప్రింగూ ఉన్న అడుగు చట్రం ఉంచుకున్నాడు. ఇరుసులు కోసి చక్రాలను దగ్గరికి జరిపాడు. బొగ్గుగనుల్లో సన్న పట్టాల మీద తిరిగే చిన్న ఇంజను చేయాలని ఆయన పంతం. పైభాగం మేము బొమ్మలకు వాడే పొనికి చెక్కతో చెక్కాడు. రంగు నేను వేశాను. చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసిపోయింది, పొనికి మరీ తేలిక, ఇది పట్టాల మీద నిలవదని. చెప్పలేదు.

బాపు ముందు, తనే రేకుతో వంచిన సన్న పట్టాల మీద బావ కీ ఇచ్చి వదిలితే మొదటి మలుపులోనే బోర్లా పడింది. నాకు లోపల పండగే.

బావ చెంప బల్లకు ఆనించి చూశాడు. ఇంజను పట్టుకొని నా దగ్గరికి వచ్చి, బాపుకు వినపడకుండా అన్నాడు: "రంగేసేటప్పుడే నీకు ఎర్కైంది గదా, బామ్మర్దీ?"



ఇంజను పొట్టలో సీసం ముక్క దూర్చి మళ్ళీ వదిలాడు. మలుపు తిరిగింది.

"శబాష్ అల్లుడా!" అన్నాడు బాపు.

"నాదేం లేదు మామా. బరువు సాలలేదని బామ్మర్దే జెప్పిండు."

బాపు వచ్చి నా వీపు తట్టాడు.

బాపు నన్ను మెచ్చుకున్నది జన్మలో ఆ ఒక్కసారే. అదీ బావ ఇచ్చిందే.